వెన్న పడకూడదు

వెన్న పడితే ఆవు పోతుంది. అందుకే ఇలింకా చేతులు లాగేస్తున్నా నవ్వుముఖం పెట్టుకుని, చిలికే పీపాలో కర్ర ఆడిస్తోంది.

ఎదురుగా పీట మీద సాఫ్తా చేతులు కట్టుకుని కూర్చుంది. ఆవుని కొనడానికి అవతలి లోయ నుంచి వచ్చిన మనిషి. పళ్లు చూసింది, పొదుగు నొక్కి చూసింది. అయినా నమ్మకం కుదరక, "నా కళ్లముందు చిలుకు. వెన్న పడితేనే తోలుకుపోతా" అంది.

"ఇంకా ఎంతసేపే పిల్లా? నేనైతే ఈపాటికి రొట్టెకి రాసుకుని తినేసేదాన్ని."

"నాకేం తెలుసు వదినా? చిలుకుతూనే ఉన్నాను కదా."

తెలియకేం? ఉన్న మీగడలో సగం పొయ్యి వెనకాల పెట్టి వెచ్చబెట్టింది తనే. వెచ్చబడ్డ మీగడ నురగ కడుతుంది గానీ వెన్న కట్టదు. మిగతా సగం చేదలో పెట్టి బావిలోకి దించి దాచింది.

మొగుడు తోడెర్ గుమ్మంలో నిలబడి టోపీ నలుపుతున్నాడు. ఈ ఏడు వానలకి గడ్డివామి అంతా కుళ్లిపోయింది. చలికాలంలో ఆవుకి పెట్టడానికి పిడికెడు గడ్డి లేదు, అమ్మక తప్పదంటాడు. ఆదివారం తన చేతుల్లో పుట్టిందని వాళ్ల భాషలో ఆ రోజు పేరు కలిసేలా దానికి డుమానా అని పెట్టి పెంచుకుంది ఇలింకా. పరాయి పాకలో దాన్నెలా కట్టనిస్తుంది? అడవిలో ఆకు కోసుకొచ్చి మేపుతానంటే వినడే.

సాఫ్తా లేచి పీపాలోకి తొంగి చూసింది. గబుక్కున మూడు వేళ్లు కలిపి సిలువ గుర్తు వేసుకుంది.

"దీని పాడిని ఏ మంత్రగత్తో ఎత్తుకుపోయింది తమ్ముడూ. ఇలాంటి గొడ్డు నాకు ఊరికే ఇచ్చినా వద్దు."

"నిన్నటిదాకా బాగానే ఉంది అక్కా..."

"నిన్నటి సంగతి నాకెందుకు? సంతలో అందరి చెవినా వేస్తా, ఇంకెవరూ మోసపోకుండా."

విసవిసా వెళ్లిపోయింది. తోడెర్ కంచె దాకా వెంటపడి, తల వేలాడేసుకుని వచ్చి పాకలో దూరాడు. కాసేపటికి డుమానాని తోలుకుంటూ వంతెన వైపు పోవడం కిటికీలోంచి ఇలింకాకి కనిపించింది. నీళ్లకి కాబోలు అనుకుంది.

ఇక ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు. పీపా కడిగి, బావిలోంచి చల్లటి మీగడ చేది పోసింది. ఈసారి వెన్న ఇట్టే పడింది, పచ్చగా, ఇంత ముద్ద. మజ్జిగ వంచేసి, చన్నీళ్లతో కడిగి, ఉప్పు కలిపి, గిన్నెలో బల్ల మధ్యన పెట్టింది. ఆయన రాగానే చూపించి అంతా చెప్పేయాలి. తిడితే తిట్టనీ, ఒక దెబ్బ వేసినా వేయనీ. డుమానా దక్కింది, అంతే చాలు.

పొద్దు వాలాక తోడెర్ ఒక్కడే వచ్చాడు. పలుపు మేకుకి తగిలించి, గుడ్డలో చుట్టిన తడి మూట బల్ల మీద పెట్టాడు.

"పాడి పోయిన గొడ్డుని ఇంకెవరు కొంటారే? వంతెన అవతల కసాయికి ఇచ్చేశా. అప్పటికప్పుడే కోసేశాడు. కార్జం మనకే ఇచ్చాడు, మంచివాడు."

ఇలింకా మేకుకి వేలాడుతున్న పలుపుని చేత్తో పట్టుకుంది.

తోడెర్ గిన్నెలో వేలు ముంచి నాకి చూశాడు.

"మంచి ఆవు వెన్న, ఎవరిచ్చారు? కార్జం దీంట్లోనే వేయించు."