పెద్దాయన్ని చూసుకునే మనిషి

"సిగ్గుండాలి మీ ఇద్దరికీ! కడుపున పుట్టినవాళ్లేనా మీరు? కన్నతల్లి కాలు దిమ్మలా వాచిపోయి ఉంటే, ఆపరేషన్ మానుకోమని చెప్పడానికి పొద్దున్నే తయారయ్యారా?"

సూపర్‌వైజరు గొంతు హాలు గోడలకి తగిలి తిరిగొచ్చింది. ముసలివాళ్లకి తోడుగా ఇళ్లకి మనుషుల్ని పంపే ఆఫీసు ఆమెది. అక్కడి కేర్‌టేకర్లు ఆమెని చాటుగా సైరన్ మేడమ్ అంటారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. సైరన్ ఊరికే మోగుతుందా, ఎక్కడో అంటుకుంటేనేగా!

ఎదురుగా సోఫాలో కొడుకు, కూతురు. పక్కన పీట మీద కాలు చాపుకుని తల్లి. గుమ్మం దగ్గర ఆవిడ బట్టల సంచి. మధ్యాహ్నంలోగా ఆసుపత్రిలో చేరాలి. ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేసుకుంది. రెండుసార్లూ 'నాన్నని ఎవరు చూస్తారు?' అన్న ఒక్క మాటకే. ఈసారి కూడా మానుకుంటే ఇక కర్ర పట్టుకున్నా నడవలేవని డాక్టరు తెగేసి చెప్పాడు. అందుకే ఆవిడే ఆఫీసుకి ఫోన్ చేసి మనిషి కావాలని అడిగింది. అది తెలిసి పిల్లలిద్దరూ వచ్చి వాలారు.

"మీకు మా ఇంటి సంగతి తెలీదు మేడమ్," అన్నాడు కొడుకు. "బయటి మనిషి చేత చేయించుకోవడం నాన్నకి అలవాటు లేదు. అమ్మ లేకపోతే ఆయన రెండు రోజులు కూడా బతకరు."

"అయితే నువ్వు తీసుకెళ్లు."

"మా ఆవిడ ఉద్యోగం చేస్తోందండీ. ఎవరు చూస్తారు?"

"నువ్వు చూడు."

"నేనా?" ప్రసవించమన్నట్టు అదిరిపడ్డాడు.

సూపర్‌వైజరు కూతురి వైపు తిరిగింది. ఆ పిల్ల ముందే చేతులెత్తేసింది. "మా ఇంట్లోవాళ్లకి చేసేసరికే నా నడుం విరిగిపోతోంది. నాన్నని కూడా అంటే నావల్ల కాదు. అయినా అమ్మకి ఇప్పుడు కొంపలేం మునిగాయని?"

"కొంప కాదే, కాలు మునిగింది," అంది తల్లి.

సూపర్‌వైజరుకి నవ్వొచ్చింది, నవ్వు వెనకే కోపం ఇంకా పెరిగింది. మూసి ఉన్న పడగ్గది తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. పెద్దవాళ్లని చివర్న చూడటం ఆమె పద్ధతి. వాళ్లు ఎదురుగా ఉంటే ఇంట్లోవాళ్లు మొహమాటపడి సగం దాచేస్తారు. ముందు సంగతంతా రాబట్టాక, ఆఖర్న గదిలోకి వెళ్లి పలకరించి వస్తుంది.

"పెద్దమ్మా, మేం ఇంజెక్షన్లూ కట్లూ చూడం. స్నానం, తిండి, తోడు, అంతవరకే. ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన స్నానం ఎలా?"

"నీళ్లు వేడిచేసి తోడిపెట్టాలి. తువ్వాలు చేతికందించాలి. బట్టలు తీసి మంచం మీద పెట్టాలి. పెట్టకపోతే తువ్వాలుతోనే నిలబడి కేకలేస్తారు."

"తిండి?"

"ముందు పెడితే తింటారు. పెట్టకపోతే ఎంతసేపైనా అలాగే కూర్చుంటారు. అన్నం చల్లారిందంటే కంచం నెట్టేస్తారు."

"మందులు?"

"నోట్లో వేసుకునేదాకా పక్కనే ఉండాలి."

"మిమ్మల్ని గుర్తుపడతారా?"

"పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్లయిందో తల్లీ. ఏయ్ అంటారు. అది నేనే అనుకుని వెళ్తాను."

"ఇంట్లో వస్తువులు?"

"ఉప్పు డబ్బా ఏదో తెలీదు. తన బనీన్లు ఏ అరలో ఉంటాయో తెలీదు. ఈ ఇంట్లోకి వచ్చి పాతికేళ్లు దాటింది."

"రాత్రిళ్లు నిద్రపోతారా?"

"మంచినీళ్లకి నన్ను లేపుతారు. సీసా పక్కనే ఉంటుంది."

"చేతికి అందదా?"

"అందుకోరు."

"లేచి తిరుగుతారా?"

"కుర్చీలో కూర్చున్నారంటే ఇక అంతే. కిందపడ్డ పేపరు కూడా నేనే వంగి తియ్యాలి, ఈ కాలుతోనే."

సూపర్‌వైజరు మంచం పట్టినవాళ్లని చూసింది, మతి తప్పినవాళ్లని చూసింది. ఈ పెద్దాయనకి రెండూ వచ్చినట్టున్నాయి. ఇంత బరువూ ఈవిడ ఒక్కతే మోస్తోందా! మోకాలు అరిగిపోక ఏమవుతుంది!

"నాన్న గురించి ఇలా బయటివాళ్ల ముందు..." కొడుకు నసిగాడు. "నాన్న వింటే ఎంత నొచ్చుకుంటారో!"

"నొచ్చుకోనీ!" సైరన్ మళ్లీ మోగింది. "ఆవిడ కాలు ఇన్నేళ్లుగా నొచ్చుకుంటోంది, ఎవరైనా విన్నారా? మనిషి అరిగిపోతుంటే పక్కన కూర్చుని నాన్నకి అలవాటు లేదు, నాన్నకి అలవాటు లేదు అని పాట! నోళ్లు మూసుకుని ఆ సంచి పట్టుకుని ఆటో ఎక్కించండి. ఇప్పుడే!"

కొడుకు లేచి సంచి అందుకున్నాడు. కూతురు తల్లికి చెయ్యి ఆసరా ఇచ్చింది.

సూపర్‌వైజరు ఆఫీసుకి ఫోన్ చేసింది. "బాగా బలమైన మనిషిని చూడు. పెద్దాయన్ని లేవదీసి కూర్చోబెట్టాల్సి ఉంటుంది. ఓపిక కూడా ఉండాలి." ఫోన్ పెట్టేసి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. "మీరు నిశ్చింతగా వెళ్లండి పెద్దమ్మా. గంటలో మనిషి వస్తుంది. అందాకా పెద్దాయన దగ్గర నేను కూర్చుంటాను." మెల్లగా వెళ్లి పడగ్గది తలుపు తీసింది.

మంచం ఖాళీగా ఉంది.

తల్లి గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"గంట కుదరదు తల్లీ, ఆయన జాగింగ్ నుంచి వచ్చేలోగా పంపించు."