కార్బన్‌కి నాలుగు చేతులు

బెంజీన్ వలయం మధ్యలో రక్తపు చుక్క పడింది.

చిట్టి గబుక్కున చున్నీ చెంగుతో అద్దింది. చుక్క పోలేదు సరికదా, పేజీ అంతా అలుక్కుంది. కనుబొమ్మ మీద పొద్దున అంటించుకున్న ప్లాస్టర్ తడిసి ఊడిపోయింది.

"కదలకు," అంది పక్కనున్న టైలరక్క. సంచిలోంచి గుడ్డపేలిక తీసి గాయం మీద అదిమి పట్టుకుంది. "ఉంగరమా?"

"అవునక్కా. నీకెలా తెలిసింది?"

"కోత చూస్తే తెలీదూ? పొద్దున లేస్తే కత్తెరతోనేగా నా బతుకు."

అది ఆదివారం క్లాసు. ఎప్పుడో చదువు ఆపేసి, ఇప్పుడు పన్నెండో తరగతి ప్రైవేటుగా కట్టినవాళ్ళు పాతికమంది. చిట్టి మందుల షాపు కౌంటర్లో పనిచేస్తుంది. పాసైతే ఫార్మసీ కోర్సులో చేరొచ్చు. టైలరక్క ఆమెకన్నా పదేళ్ళు పెద్దది. మొదటిరోజు సగం బెంచీలు ఖాళీగా ఉన్నా, నేరుగా వచ్చి చిట్టి పక్కనే కూచుంది.

"కుట్టుపనికి కెమిస్ట్రీ ఎందుకక్కా?" అని చిట్టి నవ్వితే, "ఏదో ఒకటి, చదువు చదువేగా," అంది.

ఒకరికి రానిది ఇంకొకరికి వచ్చు. ఈథేన్ మండే సమీకరణంలో ఆక్సిజన్లు అక్కకి చచ్చినా కుదరవు. చిట్టి చిటికెలో ఏడు వేసేస్తుంది. బొమ్మలు మాత్రం అక్క గీయాల్సిందే. స్కేలు లేకుండా ఆరు భుజాలూ అచ్చుగుద్దినట్టు దించుతుంది.

"ఇదేంటే, ఈ కార్బన్‌కి ఐదు గీతలు పెట్టావు? ఉండేది నాలుగు చేతులే."

"దానికి నాలుగైనా ఉన్నాయి. నాకు రెండేగా. మొహానికి అడ్డం పెట్టుకుంటే మా ఆయన కడుపులో తంతాడు. కడుపుకి పెట్టుకుంటే మొహం పగలగొడతాడు."

నవ్వుతూనే అంది. అక్క నవ్వలేదు.

"పోలీసులకి చెప్పలేకపోయావా?"

"చెప్పాను. రాజీ చేసి పంపించారు. ఇంటికొచ్చాక ఈ రెండు వేళ్ళూ విరిచాడు."

అక్క ఆ వేళ్ళు పట్టుకుని చూసింది. తర్వాత చిట్టి నోట్సు అట్ట మీద తన నంబరు రాసింది. "ఈసారి చెయ్యెత్తగానే మిస్డ్ కాల్ ఇవ్వు. మాట్లాడక్కర్లేదు."

"ఊరుకో అక్కా, నువ్వొచ్చి ఏం చేస్తావు?"

"హోంవర్కు చేయిస్తాను," అంది అక్క.

బుధవారం చిట్టికి సెలవు. వంటింట్లో నేలమీద కూచుని పెంటేన్ ఐసోమర్లు గీస్తోంది. ఒకే ఫార్ములా, మూడు ఆకారాలు. రెండు అయ్యాయి. మూడోది మొదలెట్టేసరికి మొగుడు భోజనానికి వచ్చాడు. వెల్డింగ్ షాపులో పని వాడిది. చేతులు ఇనుపకడ్డీల్లా ఉంటాయి.

పొయ్యి మీద గిన్నె లేదు.

వాడు అరవలేదు. వంగి నోట్సు తీసుకుని పేజీలు తిప్పాడు.

"ఈ బొమ్మలు నీ చేతివి కావు. ఎవడు గీశాడు?"

"మా క్లాసులో అక్క."

"అక్కా? ఆ అక్కకి మీసాలున్నాయా?"

మొదటి దెబ్బకి చిట్టి తల అలమరాకి కొట్టుకుంది. రెండో దెబ్బకి చెవిలో హోరు. జుట్టు పట్టి లేవనెత్తి, పేజీలు బర్రున చింపి, ఉండచుట్టి నోట్లో కుక్కాడు.

"చదువు కావాలిగా? తిను. మింగు."

ఊపిరాడక కాళ్ళు కొట్టుకుంటూనే, చిట్టి చున్నీ కింద ఫోను తడిమి నొక్కింది.

టైలరక్క షాపు రెండు వీధుల అవతల. వెనక సందులోంచి పరుగెత్తుకొచ్చింది. వంటింటి తలుపుకి లోపల గడియ వేసి ఉంది. తలుపుని కాస్త పైకెత్తి, భుజంతో ఒక్క తోపు తోసింది. గడియ ఊడి కిందపడింది.

వాడు వెనక్కి తిరిగి ఆమె మొహం చూశాడు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఆ ఒక్క క్షణం చాలింది. అక్క గట్టు మీది కుక్కర్ రెండు చేతులా అందుకుని వాడి మోకాలి మీద కొట్టింది. వాడు కూలబడుతూనే ఆమె మెడ దొరకబుచ్చుకుని, తలని గోడకేసి బాదాడు. ఒకసారి. ఇంకోసారి. అక్క పెదవి చిట్లింది. కుక్కర్ చేజారింది. వాడి బొటనవేళ్ళు గొంతులోకి దిగుతున్నాయి.

చిట్టి నోట్లో కాగితం ఉమ్మేసింది. దొర్లుతున్న కుక్కర్ పట్టుకుంది. విరిగి అతుక్కున్న వేళ్ళతోనే ఎత్తి, వాడి మోచేతి మీద దించింది. ఎముక పుటుక్కుమంది. వాడు ఊళ పెట్టాడు. ఆమె మళ్ళీ కొట్టింది. మళ్ళీ కొట్టింది. వాడు బోర్లాపడ్డాక అక్క కుక్కర్ లాక్కుని రెండో మోకాలి మీద ఇంకొకటి వేసింది.

"చాలక్కా! చచ్చిపోతాడు!"

"వీడా? చావడు. నాకు తెలుసు."

ఇరుగుపొరుగువాళ్ళు ఫోన్ చేస్తే పోలీసులొచ్చారు. వాణ్ణి స్ట్రెచర్ మీద ఎక్కించారు. ఎస్సైగారు ఆడమనిషి. నేలంతా రక్తం, చిరిగిన కాగితాలు. వాటిని దాటుకుంటూ వచ్చి చిట్టి ముందు నిలబడింది.

"వాడు నీ మొగుడా?"

చిట్టి తలూపింది.

"మరి ఈవిడెవరు?"

"మా క్లాసేనండి. హోంవర్కులో సాయం చేస్తుంది."

"హోంవర్కుకొచ్చి మోకాళ్ళు విరగ్గొట్టిందా?" ఎస్సై అక్క వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ఈ ఇంట్లోకి దూరడానికి నువ్వెవరివి?"

టైలరక్క పెదవి మీద రక్తం తుడుచుకుంది. ఎస్సై వైపు కాదు, చిట్టి వైపు చూస్తూ అంది.

"ఈ ఇంటికి మొదట కాపురానికొచ్చింది నేనేనండి."