లగూన్‌లో విమల

1986 వేసవిలో సెలవులకి హవాయి వచ్చిన దగ్గర్నుంచి, నేను ఉదయ ప్రార్థనలో ఉండగానే నా భార్య విమలకుమారి చెప్పకుండా బీచ్‌కి జారుకుంటోంది. నీళ్ళంటే భయమని పదేళ్ళుగా బాప్తిస్మం వాయిదా వేస్తున్న మనిషి! అనుమానం పట్టలేక నాలుగో రోజు వెంబడించాను.

రాళ్ళగట్టు వెనక, సముద్రపు మడుగులాంటి అలల్లేని లగూన్‌లో, కళ్ళకు అద్దాలు, నోట్లో గాలిగొట్టం పెట్టుకుని, మొహం ముంచి తేలుతోంది.

“దాచిన పాపం బయటపడక మానదంటోంది బైబిలు వాక్యం! నీళ్ళంటే భయమని నాతో చెప్పి, ఇక్కడ చేపలతో షికార్లా?” అని ఒడ్డునుంచి గద్దించాను.

ఆమె నడుములోతులో లేచి నిలబడింది. “మొహం ముంచడం ప్రాక్టీస్ చేస్తున్నానండీ. ఇవాళ కుదిరింది. రండి, ఇక్కడే బాప్తిస్మం ఇచ్చేయండి.”

మేముండే ప్లేనోలో, పాస్టర్‌గా మా చర్చి తొట్టిలో నలభైమందిని ముంచి బాప్తిస్మమిచ్చినవాణ్ణి. నీళ్ళలోకి దిగానుగానీ, సముద్రం మోకాళ్ళు తాకగానే అక్కడే ఆగిపోయాను.

విమల ఎదురొచ్చి చెయ్యందించింది.

“పర్లేదండీ, నేను పట్టుకుంటాను.”