చెయ్యి వదులుగా పెట్టు వదినా

తణుకులో గాజుల కొట్టు నడిపే సుభాషిణి కళ్ళజోడు పెట్టుకుంటే చాలు, లోపలికొచ్చిన ప్రతి మనిషి తలమీదా ట్యాగులు తేలుతాయి. ‘మట్టిగాజులు’, ‘బేరమాడుతుంది’, ‘పచ్చరంగే కావాలంటుంది’. ఆమె మాటలు వింటూ కొట్టు సాఫ్ట్‌వేరే వాటిని తగిలిస్తుంది. ఇప్పుడు ఊళ్ళో ఏ కొట్లో చూసినా ఇంతే.

కూతురు లిఖిత సీమంతానికి, “బంధువులందరికీ పిలుపులు పంపు” అని సుభాషిణి ఆ సాఫ్ట్‌వేరుకే చెప్పేసింది. తాను ప్రేమపెళ్ళి చేసుకున్నప్పటి నుంచి పుట్టింటివాళ్ళు గడప తొక్కలేదు. ఈసారైనా వస్తారేమోనని ఆశ.

“మీ వైపు ఎవరూ రారా వదినగారూ?” అంది వియ్యపురాలు సీమంతం రోజున, ఖాళీ కుర్చీలు చూస్తూ.

సుభాషిణి వీధి వైపు చూసింది. అంతలో వీధి నిండా ఆటోలు! పళ్ళేలు పట్టుకుని ఆడవాళ్ళు తోసుకుంటూ వచ్చేశారు. కళ్ళజోడులో అందరి తలలమీదా ‘కస్టమరు’ పక్కనే ఇంకో ట్యాగు: ‘బంధువు’.

సుభాషిణికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గాజులు తొడిగేటప్పుడు ప్రతి ఒక్కరితోనూ “చెయ్యి వదులుగా పెట్టు వదినా” అంటుంది కదా! సాఫ్ట్‌వేరు అది నిజమనుకుంది.

“పిలవడమే ఆలస్యం, పరిగెత్తుకొచ్చాం వదినా! పిల్లని కూర్చోబెట్టు, ఇవాళ గాజులు మేం తొడుగుతాం!”

కళ్ళజోడు చెవిలో గొణిగింది. “వీళ్ళకి కస్టమరు, బంధువు అని రెండు ట్యాగులున్నాయి. ఒకటే ఉంచాలి. ఏది తీసెయ్యమంటారు?”

“కస్టమరు తీసెయ్!” అని అరిచింది సుభాషిణి. “వంటాయనకి చెప్పి ఇంకో గుండిగ అన్నం పొయ్యెక్కించమను!”