అల్లుడికి బీరకాయ

కొత్తల్లుడు మురళీకృష్ణ అరిటాకులో కోడికూరకి బదులు బీరకాయ కూర పడింది.

“మాంసం మానేశామండి అల్లుడుగారూ,” అన్నారు మామగారు బుల్లిరాజు, మోచేతికంటిన బురద తుడుచుకుంటూ. “రాజమండ్రి డాక్టరు గుండెకి మంచిది కాదన్నాడు. పైగా జీవహింస. ఒక్క కోడిని పెంచడానికి ఎంత మేత, ఎన్ని నీళ్లు! భూమి ఏమైపోవాలి చెప్పండి?”

మురళీకృష్ణ కరిగిపోయాడు. “అయితే నేనూ మానేస్తానండి మావయ్యగారూ!”

అంతలో పెరట్లోంచి అత్తగారి కేక వినిపించింది.

“ఏవండీ! పొద్దున్నించీ మిమ్మల్ని కాలవగట్టంతా పరిగెత్తించిన పుంజు నాకు దొరికిందండీ! గంపకింద మూశాను!”

మురళీకృష్ణ బీరకాయ కూరని ఆకు చివరికి నెట్టాడు.

“మనం మానేసేది రేపట్నించే కదండీ, మావయ్యగారూ?” అన్నాడు మురళీకృష్ణ.