టీచరమ్మ వేళ్ళు

“పుస్తకాలన్నీ దించేశారా?” అని అడిగింది టీచరమ్మ.

“దించాను. పెట్టెలో సర్దడానికే చేతులు రావడం లేదు,” అన్నాడు ఆమె భర్త దర్జీ.

బ్రెయిలీ బైబిలంటే ఒక్క పుస్తకం కాదు. ఉబ్బెత్తు చుక్కలకు చోటు కావాలి కాబట్టి, బీరువా నిండా సంపుటాలే. అన్నీ ఒకే గోధుమరంగు అట్టలు, ఒకే లావు. చూపులేని టీచరమ్మ అంధుల బడిలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ, మానేశాక కూడా, కావలసిన సంపుటం తనే తడిమి తీసుకునేది. సాయంత్రం ఆమె పైకి చదవడం, ఆయన గుండీలు కుట్టుకుంటూ వినడం. పెళ్ళయినప్పటి నుంచీ ఆ ఇంట్లో ప్రార్థన అదే.

పాడు షుగరు వచ్చి వచ్చి ఆమె వేళ్ళ మీద పడింది. పొగలు కక్కే టీ గ్లాసు పట్టుకుని, బొబ్బలెక్కినా తెలియలేదు. చుక్కలూ తెలియలేదు. ఆ రోజు పుస్తకం మూసేసి వెక్కివెక్కి ఏడ్చింది. మందులు పనిచేస్తే స్పర్శ తిరిగి రావచ్చని డాక్టరు అన్న మాట దర్జీ గట్టిగా పట్టుకున్నాడు. ఉపవాసాలున్నాడు, మోకాళ్ళు అరిగేలా ప్రార్థించాడు. ఆమె మాత్రం పుస్తకాలు బడికి ఇచ్చేద్దామంది.

“ఫోన్లో వినొచ్చు కదమ్మా. చక్కగా చదివి వినిపిస్తారు,” అంది కూతురు, పెట్టె అడుగున టేపు అంటిస్తూ.

“ఎవరో నోట్లో పెడితే తిన్నట్టుంటుందే. నా చేత్తో నేను కలుపుకుని తిన్నట్టుండదు.”

దర్జీ ఆమె దగ్గరకి వచ్చాడు. “టీచరమ్మా, ఒక్కసారి చదివి చూడు. నా కోసం. ఇవాళ కూడా తెలియకపోతే నేనే బండెక్కించి పంపిస్తా. ఆపైన ఆయన్ని ఇంకేమీ అడగను. ఆదివారం గుడికీ రాను.”

“ఎవర్ని అడగరు?”

“ఇంకెవర్ని? ఆ పైవాణ్ణే. ఇన్నాళ్ళూ గోడకి చెప్పుకున్నట్టే ఉంది నాకు.”

టీచరమ్మ ముఖం ఆయన వైపు తిప్పింది.

“అయితే కీర్తనల సంపుటం మీరే తెచ్చి పెట్టండి. కాపరి కీర్తన చదువుతాను.”

దర్జీ గబగబా వెళ్ళి, నేల మీది దొంతరలోంచి ఒక సంపుటం లాగి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె పేజీలు తిప్పి ఒకచోట ఆగింది. మొదటి వరుస మీద వేలు తడబడింది. వెనక్కి వెళ్ళింది. వేలు మళ్ళీ కదిలింది, గొంతు విచ్చుకుంది. కీర్తనలోని పచ్చిక దాటింది, నీళ్ళు దాటింది, చీకటి లోయ కూడా దాటింది. ఒక్క మాట తప్పలేదు.

“తెలుస్తోందా?” అన్నాడు దర్జీ, గుసగుసగా.

“కొంచెం మొద్దుగా ఉంది. తెలుస్తోంది.”

దర్జీ చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. “విన్నావా తల్లీ! ఆయన ఆలకించాడే!” అని కూతురి భుజాలు పట్టి ఊపేశాడు. కూతురు కళ్ళు తుడుచుకుంటూ అంటించిన టేపంతా పీకి పారేసింది.

“గుడికి రానన్నారుగా?” అంది టీచరమ్మ.

“బుద్ధి గడ్డి తిని అన్నాలే. ఆదివారం అందరికంటే ముందు నేనే ఉంటా, చూడు.”

“ఆ మాట చాలు నాకు,” అని ఆమె లేచి, కూతురి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

దర్జీ పాట పాడుకుంటూ సంపుటాలన్నీ తిరిగి బీరువాలో సర్దాడు. చివరికి కుర్చీలో ఆమె వదిలి వెళ్ళినదాన్ని తీసి, చొక్కాతో తుడిచి, కళ్ళద్దాలు పెట్టుకుని, చూపున్నవాళ్ళ కోసం అట్ట మీద అచ్చువేసిన పేరు చదివాడు.

అది కీర్తనల సంపుటం కాదు, సంఖ్యాకాండం.