నీలం ముడి

"అమ్మ దొంగా! నా కోటునే విప్పుతోందా!"

మాస్టరు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

అందరూ భోజనానికి వెళ్లారు. కుట్టు గదిలో కొత్తామె ఒక్కతే కూర్చుని, ఒక కోటు చెయ్యిని కుట్టు కుట్టుగా ఊడదీస్తోంది. కాలరు లోపల నీలం ముడి.

ఆ గదిలో ఎవరు కుట్టిన కోటుకి వాళ్ల రంగు దారంతో కాలరు లోపల ముడి వేయాలి. తప్పుతో తిరిగొస్తే ఎవరి పనో తెలియాలి కదా. నీలం మాస్టరుది. పసుపు కొత్తామెది.

ఆమె వచ్చి నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ మాస్టరుకి కడుపుమంటే.

"ఎంత మంచి చెయ్యమ్మా నీది!" అని ఓనరు ఆమెను మెచ్చుకున్న రోజు ఆయనకి అన్నం సహించలేదు. పన్నెండేళ్లుగా కాచుకున్న సూపర్‌వైజరు కుర్చీ ఈమె తన్నుకుపోతే?

"చెయ్యి మంచిదైతే సరా? రోజుకి నాలుగు కోట్లకి మించి తేలవు. నేను ఎనిమిది కుడతాను," అని గుండీలు కుట్టేవాళ్ల నుంచి ఇస్త్రీ వాళ్ల దాకా చెప్పుకొచ్చాడు.

"మీ కోటు ఒక్కటీ తిరిగి రాలేదు కదండీ, ఎందుకలా ఉడుక్కుంటారు?" అంది ఇంట్లో భార్య. "ముందు ఆ కళ్లు చూపించుకోండి. సూదిలో దారానికి కూడా నన్నే పిలుస్తున్నారు."

"కళ్లజోడుతో వెళ్తే ముసలాడయ్యాడని ఇంటికి పంపేస్తారే, పిచ్చిదానా!"

ఇదిగో, ఇప్పుడు దొరికింది. మాస్టరు పరుగున వెళ్లి ఓనరును వెంటబెట్టుకొచ్చాడు.

"ఏంటమ్మా, ఆయన కోటు విప్పావా?"

"విప్పానండీ."

"ఎందుకు?"

ఆమె మాస్టరు వైపు చూసింది. తల దించుకుంది.

"నన్ను చెడ్డవాణ్ణి చేయడానికి సార్, ఇంకెందుకు!" అన్నాడు మాస్టరు.



"రేపటి నుంచి రావద్దు," అన్నాడు ఓనరు.

ఆమె కత్తెర సంచిలో వేసుకుంది. వెళ్తూ మాస్టరు దగ్గర ఆగింది.

"మీ మిషను కిటికీ పక్కకి జరుపుకోండన్నా. అక్కడ వెలుతురు బాగుంటుంది."

"నీ సలహాలు నాకక్కర్లేదు, వెళ్లు!"

ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయాడు.

మూడు వారాలకి ఓనరు పిలిచాడు. బల్ల మీద కోట్ల గుట్ట.

"పద్దెనిమిది తిరిగొచ్చాయి. అన్నీ నీలమే. ఏమైంది మాస్టరూ నీకు?"

"ఆమే ఏదో చేసుంటుంది సార్..."

"ఆమె వెళ్లి మూడు వారాలైందయ్యా!" ఓనరు నిట్టూర్చాడు. "ఇక్కడ ఉన్నప్పుడే, సూపర్‌వైజరుగా ఉంటావా అని ఆమెనే అడిగాను. 'మాస్టరన్నకి ఇవ్వండి, కుట్టడం కంటే నేర్పడం ఆయనకి బాగా వచ్చు' అంది. ఇవి చూశాక ఎలా ఇమ్మంటావ్?"



ఆ రోజు ఆమె వదిలేసి వెళ్లిన కోటు ఇంకా కొక్కేనికే ఉంది. ఓనరు దాన్ని తీసి, తన కళ్లజోడుతో సహా మాస్టరు చేతిలో పెట్టాడు.

"పెట్టుకుని చూడు."

మాస్టరు పెట్టుకున్నాడు.

సగం విప్పిన చెయ్యి మీద తన కుట్లు వంకరటింకరగా పాకుతున్నాయి. రెండో చెయ్యి మీద కుట్టు గీత గీసినట్టుంది. దాని పక్కనే, విప్పేసిన పాత కుట్ల సూది చిల్లులు, అవీ వంకరే.

ఆమెకి రోజుకి నాలుగు కోట్లే ఎందుకు తేలేవో ఆయనకి అర్థమైంది.

కాలరు తిప్పి చూశాడు.

నీలం ముడిని మాత్రం ఆమె ముట్టుకోలేదు.